చెప్పినోళ్లను కాసిన డాక్టరమ్మ

“మోకాళ్లు ఎట్లున్నయక్కా?” అని ఫోన్లో అడిగింది డాక్టరమ్మ.

“ఉన్నయ్ మేడం. మెట్లెక్కేది లేదంటున్నయ్. సరే తియ్యి అంటున్న నేను.”

నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు ఆగేదాకా నేను ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాను.

“సరే మరి. జర పైలం,” అంది.

“నువ్వు గూడ పైలం,” అన్నాను. అన్నేండ్లు మీరు మీరు అని పిలిచినదాన్ని, ఆ రోజు ఎందుకో నువ్వు అని వచ్చింది నోట్లోంచి.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. ఆమె హైదరాబాదులో ఆస్పత్రి మంచం మీద ఉంది. నేను కరీంనగర్‌లో మా చెల్లె ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. జబ్బు ముదిరిందని నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి ఆమెకూ తెలుసు. అయినా ఇద్దరం మోకాళ్ల గురించే మాట్లాడుకున్నాం.

ఆమె పోయినాక మా చెల్లె బిడ్డ సెల్‌ఫోన్ తెచ్చి చూపించింది. నా నోరు తిరగని పేర్లున్న దేశాల వాళ్లు ఆమె ఫోటో పెట్టి ఏవేవో రాశారు. ఒక దేశంలో పుట్టిన రోగం ఇంకో దేశానికి పాకకముందే ఒకరికొకరు చెప్పుకోవాలనీ, నిజం చెప్పిన దేశాన్ని మిగిలిన దేశాలు వెలివేయకూడదనీ జీవితమంతా కొట్లాడిన శాస్త్రవేత్త అని రాశారట. మా చెల్లె బిడ్డ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

“పెద్దవ్వా, ఈమెకు నువ్వు చాయ పెట్టిచ్చినవా?”

“చాయ ఒక్కటేనా? టైముకు తినదని తిట్లు గూడ పెట్టిన,” అన్నాను.

మేము పనిచేసిన కేంద్రం వాళ్లు ఇప్పుడు ఒక పుస్తకం వేస్తున్నారు. కొత్తగా నౌకరిలో చేరే పిల్లలు చదువుకోవడానికట. పాతవాళ్లందరినీ తలా ఒక సంగతి చెప్పమన్నారు, నన్ను కూడా అడిగారు. నాకు సంతకం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే మా చెల్లె బిడ్డ రాస్తోంది. నాది బొంగురు గొంతు, పైగా పెద్ద గొంతు. పక్కింటివాళ్లు ఇప్పటికే కిటికీ వేసుకున్నారు. నా మాటలను ఇది పుస్తకాల భాషలోకి మారుస్తోంది. మారిస్తే మార్చుకో గానీ, మనుషులు అన్న మాటలను మాత్రం వాళ్లు అన్నట్టే ఉంచమని చెప్పాను.

మా ఆయన వేములవాడ దగ్గర సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను మేము అట్లనే అంటాం. దూది దుమ్ము తిని తిని ఊపిరి ఆడక పోయాడు. నాకు ఆ చప్పుడు మధ్యన ఇంకో పూట బతకబుద్ధి కాలేదు. కరీంనగర్ వచ్చి అడిగితే ఈ కేంద్రంలో అటెండరు పని దొరికింది. కేంద్రం అంటే పెద్ద మేడ అనుకోకండి, ఒక అద్దె ఇల్లు. పశువుల నుంచి మనుషులకు అంటే రోగాలను కనిపెట్టి ఆపడం వాళ్ల పని. సీసాలు కడగడం, వాటిని పెద్ద కుక్కరు లాంటి డబ్బాలో పెట్టి ఉడికించడం, అందరికీ అన్నం వండడం నా పని. మొదట్లో ఆ కుక్కరు కూత పెడితే నేను వరండాలోకి ఉరికేదాన్ని.

డాక్టరమ్మ కరీంనగర్‌లో గాజుల దుకాణపోళ్ల బిడ్డ. ఇంట్లో ఉర్దూ, బయట మా తెలుగు. ఆమె చేతికి ఒక్క గాజు ఉండేది కాదు. “దుకాణంల ఏసుకునేటియన్ని చిన్నప్పుడే ఏసుకున్న,” అనేది. సన్నటి మనిషి. ఎక్కడ పడితే అక్కడ నేల మీద గొంతుకూర్చుని మాట్లాడేది. పెద్ద పెద్ద సార్లు కుర్చీ చూపిస్తే కూర్చునేది కాదు గానీ, పశువుల కొట్టంలో అడగకుండానే కూర్చునేది.

ఇక సంగతికి వస్తాను. ఒక ఎండాకాలం హుస్నాబాద్ వైపు నుంచి ఒక ముసలి గొర్ల కాపరి తనంతట తానే పశువుల దవాఖానకు నడిచి వచ్చాడు. ఆ రోజు మా వాళ్లు అక్కడే ఉన్నారు.

“నా మందల గొర్లు నిలవడ్డ కాడనే వడి సస్తున్నయ్ సారూ. ముక్కులకెళ్లి నెత్తురు కారుతంది, గడ్డ కడ్తలేదు. ఎందుకన్న మంచిదని చెప్పవోదామని వచ్చిన,” అన్నాడట.

మా వాళ్లు మంద దగ్గరికి పోయి తెచ్చిన నెత్తురు చుక్కను పరీక్ష చేసి చూశాక డాక్టరమ్మ ముఖం మారిపోయింది. అది దొమ్మ రోగం. ఆంత్రాక్స్ అంటారు డాక్టర్లు. చచ్చిన గొర్రెను కోస్తే ఆ విషం నేలలో పడి ఏండ్లకేండ్లు అట్లనే ఉంటుందట. పచ్చి మాంసం ముట్టుకున్న చేతి మీద నల్లటి పుండు లేస్తుంది. సరిగా ఉడకనిది తింటే కడుపులోకి పోతుంది. ముందే సూదులు పడితే మనిషి బతుకుతాడు, ఆలస్యమైతే చెప్పలేం.

మా వాళ్లు చకచకా పనిచేశారు. చచ్చిన గొర్లను లోతుగా పాతి సున్నం పోశారు. చుట్టుపక్కల మందలకు సూదులు వేశారు. ఊరి పేరు, కాపరి పేరు చెప్పి మైకులో చాటించారు. పత్రికల్లో కూడా వచ్చింది. పైనుంచి శభాష్ అన్నారు. మా పెద్దసారు లడ్డూలు తెప్పించి అందరికీ పంచాడు. నేనూ ఒకటి తిన్నాను, తీయగానే ఉంది.

ఆ తర్వాత ఆ ముసలాయన గతి ఏమైందో మాకు మా జీపు డ్రైవరు చెప్పాడు. వాడిని నేను తమ్మీ అనేదాన్ని. స్టీరింగు పట్టుకుంటే వాడి నోరు కూడా బండితో పాటే స్టార్టవుతుంది. వాడు చెప్పేదాకా మాలో ఎవ్వరమూ అడగలేదు.

మా దిక్కు కాపరులు ఎండాకాలంలో మందలను తోలుకుని గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల వైపు పోతారు. దారిలో రైతులు పిలిచి తమ చెలుకలో మంద పెట్టించుకుంటారు. గొర్లు పడుకుని లేస్తే ఆ పెంటికలే చెలుకకు ఎరువు. దానికి బదులు రైతు వడ్లో జొన్నలో కొలిచి ఇస్తాడు. దారి పొడుగునా కాపరి ఇంటిల్లిపాదికీ అదే తిండి. మైకులో పేరు వచ్చాక ఆ ముసలాయనను ఏ రైతూ తన చెలుకలో కాలు పెట్టనివ్వలేదు. అంగడిలో ఆ ఊరి గొర్రెను ముట్టుకున్నవాడు లేడు. చాయ హోటల్లో ఆయన తాగిన గ్లాసును పగలగొట్టారట.

డాక్టరమ్మ ఆ మాట విని, “జర ఓపిక పట్టాలె. నాలుగు దినాలైతే అందరు మర్చిపోతరు,” అంది.

ఎవరూ మరిచిపోలేదు. కాపరులైతే అసలే మరిచిపోలేదు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. గోదావరి అవతల ఒక దవాఖానలో చేతి మీద నల్ల పుండుతో ఒక కూలి మనిషి చేరాడని కబురు వచ్చింది. డాక్టరమ్మ పోయి చూస్తే, బొగ్గుతో దిద్దినట్టు నల్లటి పుండు, చుట్టూ వాపు.

“గొర్రెను కోసినవా?”

“ముల్లు గుచ్చుకున్నదమ్మా.”

“ఎవల గొర్రె?”

“ముల్లేనమ్మా.”

ఎన్ని తీర్ల అడిగినా ముల్లే. ఇక ఊళ్లు తిరగడమే మిగిలింది. ఆడవాళ్లతో మాట్లాడడానికి ఒక ఆడమనిషి ఉండాలని డాక్టరమ్మ నన్ను కూడా జీపు ఎక్కించింది. తిరిగిన ప్రతి మంద దగ్గరా ఒకటే మాట. మా గొర్లు సల్లగున్నయ్, ఒక్కటి గూడ సావలే. ఒక కాపరి అయితే చేతులూపుతూ, “మా గొర్లకు దగ్గు గూడ రాదు సారూ,” అన్నాడు. ఆయన వెనకాలే ఒక గొర్రె గట్టిగా దగ్గింది.

“మరి గదేంది మామా, నవ్విందా?” అన్నాడు మా డ్రైవరు.

కాపరి నవ్వలేదు. డాక్టరమ్మ కూడా నవ్వలేదు. జీపులోకి ఎక్కి, “వీళ్లను అబద్ధం ఆడుమని నేర్పింది మనమే,” అంది.

ఆ పొద్దు ఎండ ముదిరేసరికి ఒక ఇప్పచెట్టు కింద దిగిన మంద కనబడింది. దగ్గరికి పోతే, కర్రకు గడ్డం ఆనించి నిలబడింది ఆ ముసలాయనే. నిరుడు తనంతట తానే వచ్చి చెప్పినాయన. మమ్మల్ని చూశాడు. అక్కడే కూర్చుని గొంగడి తల మీదికి లాక్కున్నాడు. ఎదుట ఎవరూ లేనట్టు పూర్తిగా కప్పేసుకున్నాడు.

ఆయన భార్య ముందుకు వచ్చింది. నాకంటే పెద్ద గొంతు. అప్పటిదాకా నాకంటే పెద్ద గొంతు ఉన్న ఆడమనిషిని నేను చూడలేదు.

“ఏమొచ్చిండ్రు మల్ల? మీకింక ఏం మిగిలిందని?”

“అవ్వా, జర మాట్లాడుదామని...” అంది డాక్టరమ్మ.

“మాట్లాడుడు నిరుడు మా ముసలోడు మాట్లాడిండు. మీ దవాఖానకు నడిసివచ్చి మాట్లాడిండు. ఏమైంది? సెప్పినోని నెత్తి మీదనే బండేసిండ్రు. సెప్పనోళ్లు సల్లగున్నరు. వాళ్ల గొర్లు సచ్చినయ్, కోసుకున్నరు, తిన్నరు, గోదారి దాటిపోయిండ్రు. మేము తోవ మీద నిలవడ్డం. పిల్లగాండ్లు రాళ్లేసిండ్రు, తెల్సా నీకు? మా గొర్లకు రాళ్లేసిండ్రు.”

ఆమె వెనక, కర్రల మీద గొంగళ్లు పరిచిన నీడలో ఒక పడుచు పిల్ల పడుకుని ఉంది. వాళ్ల కోడలు. అంత ఎండలో ఆ పిల్ల ఒక చేతిని గొంగడిలో దాచుకుని ఉంది. నేను చూశాను, డాక్టరమ్మ కూడా చూసింది. ముసలామె మా చూపు ఎక్కడ ఆగిందో గమనించి అడ్డంగా వచ్చి నిలబడింది.

అప్పుడు నాకు అంతా తెలిసివచ్చింది. చెబితే మందకు చెలుక దొరకదు, ఇంటిల్లిపాదికీ తిండి ఉండదు. చెప్పకపోతే ఆ పిల్ల దక్కదు. ఆ ముసలామె ఆ రెండింటి మధ్యన నిలబడి మమ్మల్ని తిడుతోంది.

అదే సమయానికి డాక్టరమ్మ ఫోను మోగింది. మా పెద్దసారు. ఆయన గొంతు అందరికీ వినబడుతోంది. “ఏ ఊరు, ఎవరి మంద, వెంటనే పంపండి. పత్రికల వాళ్లు అడుగుతున్నారు. మాట వినకపోతే పోలీసులను పిలిపించి మందను పట్టుకోండి.”

“ఇంక ఏం తేలలేదు సార్,” అని పెట్టేసింది.

ముసలామె నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది. “పట్టుకపోతరా? పట్టుకపోండ్రి. గొర్లన్నిటిని జీపుల ఎక్కించుకొండ్రి. మా ముసలోన్ని గూడ ఎక్కించుకొండ్రి, కప్పుకొనే ఉన్నడు.”

డాక్టరమ్మ ఆ ఎండలోనే గొంగడి కప్పుకున్న ముసలాయన ఎదురుగా పోయి నేల మీద కూర్చుంది.

“తాతా, నిరుడు నువ్వు వచ్చి చెప్పకుంటే ఎంతమంది పోదురో. నువ్వు మమ్ముల కాపాడినవ్. నిన్ను కాపాడాలెనన్న సోయి నాకు లేకపాయె. నీ పేరు మైకుల చెప్పనిచ్చిన. తప్పు నాది.”

గొంగడి కదల్లేదు.

“ఇప్పుడు సెప్తె ఏం జేస్తవ్?” అంది ముసలామె. “పేరు రాయనంటవా? నీ మాట ఎట్ల నమ్మాలె?”

మేము ఇంతమందిమి పక్కనుండగా డాక్టరమ్మ అన్న మాట ఇది. నేను చచ్చేదాకా మరిచిపోను.

“నమ్మకు అవ్వా. నిరుడు నమ్మే గదా మీ ఆయన వచ్చింది. ఏ మొకం పెట్టుకొని మల్ల నమ్ముమంట? నాకేం చెప్పకు. మంద సంగతి అడగ. ఆ పిల్ల చెయ్యి ఒక్కటి చూడనియ్యి. నువ్వు చెప్పినా చెప్పకున్నా సూది ఏస్త, దవాఖానకు తోలిస్త. దానికి బదులు నాకేం వద్దు.”

ముసలామె కోడలి దిక్కు తిరిగి చూసింది.

అప్పుడు గొంగడి లోపలి నుంచి ముసలాయన గొంతు వినబడింది. “సూపియ్యవే పిల్లను.”

గొంగడి తీసి చూస్తే, మోచేతి కింద నల్లటి పుండు, భుజం దాకా వాపు. ఒళ్లు కాలిపోతోంది. ఆ పిల్ల కళ్లు మూసుకునే, “అత్తా, మంద పోతదా?” అని అడిగింది. తన ప్రాణం గురించి అడగలేదు. నేను పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాను.

డాక్టరమ్మ సూది వేసింది. ఆ పిల్లనూ, అప్పటిదాకా గొర్ల మధ్యన బొమ్మలా నిలబడ్డ ఆ పిల్ల మొగుడినీ జీపులో ఎక్కించింది. డ్రైవరు ఆ రోజు ఒక్క జోకు కూడా వేయకుండా బండి తోలాడు. జీపు పోయింది. మేము ఆ చెట్టు కింద మిగిలాం. వెనక్కి పోవడానికి బండి లేదు. డాక్టరమ్మ గొర్ల మధ్యనే కూర్చుని నీళ్లు అడిగి తాగింది. ముసలామె తాను తాగే చెంబుతోనే ఇచ్చింది. వీళ్లు తాగిన గ్లాసు నిరుడు ఎవరో పగలగొట్టిన సంగతి నాకు గుర్తొచ్చింది.

కొంతసేపటికి ముసలామె లేచి కర్ర తీసుకుంది. “నడువుండ్రి,” అంది.

ముందు ఆమె, వెనక మేము. చెలుకల వెంట నడిపించింది. ఇక్కడ పడ్డది, ఇక్కడ కోసినం, ఇక్కడ పోగులు ఏసినం అని కర్ర పొడిచి చూపించింది. మంద పెట్టిన చెలుకలో గొర్రె పడితే మాంసాన్ని పోగులు పెట్టి పంచుతారు. మొదటి పోగు ఆ చెలుక ఆసామిది, అది వాళ్ల రివాజు. ఆయన నుంచి చుట్టాలకు, చుట్టాల నుంచి వాడకట్టుకు పోతుంది. ఏ పోగు ఏ ఇంటికి పోయిందో ఆమె చెబుతుంటే డాక్టరమ్మ ముఖంలో నెత్తురు లేదు. ఊరిలో ఎన్ని ఇండ్లలో ఆ కూర ఉడికిందో అప్పుడు తెలిసింది. మేము ముండ్లకంపలు తెచ్చి ఆ చోట్ల చుట్టూ వేశాం. ముసలాయన కూడా వచ్చి వేశాడు. గొంగడి భుజం మీదికి దిగింది.

పొద్దు వాలుతుండగా ఊరివాళ్లను బడి దగ్గరికి పిలిపించారు. జనం బాగా వచ్చారు, కోపంగా వచ్చారు. ఆ ఊరి చుట్టూ చాలా మందలు దిగి ఉన్నాయి. కాపరులంతా ఒక పక్క ముద్దగా నిలబడ్డారు. మా ముసలాయన, ముసలామె వాళ్లలోనే ఉన్నారు. ఊళ్లో కాస్త పెత్తనం చేసే ఒకాయన మీసం మీద చేయి వేసి ముందుకు వచ్చాడు.

“ఎవని మందల వచ్చింది రోగం? పేరు చెప్పుండ్రి మేడం. గడియల ఊరవతల పెడ్తం.”

“పేరు చెప్ప,” అంది డాక్టరమ్మ.

“గట్లెట్ల? మా ఊరు, మా చెలుకలు. మాకు చెప్పరా?”

“రోగం ఏం జేస్తదో చెప్త. ఎవలకు సూది కావాలెనో వాళ్లకు ఇస్త. ఏ జాగల కాలు పెట్టొద్దో చూపిస్త. పేరు మాత్రం చెప్ప. ఈ ఊళ్లె ఎవలెవలు కూర తిన్నరో గూడ నేను పేర్లు చదువ. తిన్నోళ్లు లోపటికి రాండ్రి. తలుపు దగ్గరికేసి చేతులు చూస్త, మందు ఇస్త. అంతే.”

“మా ఊళ్లె సచ్చిన గొర్రెను తినేటోళ్లు ఎవలూ లేరు!” అని అరిచాడాయన. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు.

ఆడవాళ్లలోంచి ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది. ఆయన భార్యేనట.

“ఇంక అరువకు. గా పొద్దు ఎముక ఇర్సుకొని, ఇంకింత పులుసు పోయ్యిమని అడిగితివి గదా. గదే కూర.”

జనం బడి పెంకులు ఎగిరిపోయేటట్టు నవ్వారు. ఆయన మీసం మీది చేయి మెల్లగా పొట్ట మీదికి దిగింది. “నాకెందుకు చెప్పలేవే?” అన్నాడు. “చెప్తె తిననిస్తివా నన్ను?” అంది ఆమె. అందరికంటే ముందు బడిలోపలికి పోయింది ఆయనే.

ఆయన పోయాక మిగిలినవాళ్లు కదిలారు. తలలు వంచుకుని, చేతులు మడిచి చూపించుకుంటూ ఒక్కొక్కరే వచ్చారు. కొత్తగా మొదలవుతున్న పుండ్లు బయటపడ్డాయి. ముసలామెకు తెలియని ఇండ్ల వాళ్లు కూడా వచ్చారు. ఆమె ఒక్కత్తే చెప్పి ఉంటే ఆ ఇండ్లు మాకు దొరికేవి కావు.

కానీ నన్ను ఈనాటికీ పట్టుకుని వదలని సంగతి అది కాదు. మొదటి పోగు తీసుకున్న చెలుక ఆసామి ఆ జనంలో వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయనకు తెలుసు ఎవరి మందో. పోగులు పంచుకున్న చుట్టాలకు తెలుసు, పక్కన మంద పెట్టిన కాపరులకు తెలుసు. పేరు చెప్పు పేరు చెప్పు అని అరుస్తున్న ఆ గుంపులో సగానికి సగం మందికి తెలుసు. ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు. ఒక్క కన్ను కూడా ఆ ముసలివాళ్ల వైపు తిరగలేదు. డాక్టరమ్మ చెప్పనని నిలబడేసరికి, ఊరంతా ఆమె వెనక చేరి తానూ నోరు మూసుకున్నట్టు అయింది. నేను గుళ్లలో నిలబడ్డాను, జాతర్లలో నిలబడ్డాను. ఆ బడి ముందు నిలబడ్డప్పుడు లేచినట్టు నా ఒంటి మీది వెంట్రుకలు ఎక్కడా లేవలేదు.

తర్వాత మందలన్నిటికీ సూదులు వేశారు. రోగం ఉన్నదీ లేనిదీ అని చూడకుండా అన్నిటికీ వేసి, అన్నిటి వీపుల మీదా ఒకే ఎర్ర గుర్తు పెట్టారు. గొర్రె చస్తే కోయకుండా కబురు చేసిన కాపరికి బదులు గొర్రె ఇప్పించాలని డాక్టరమ్మ పైవాళ్లతో తగువు పెట్టుకుని సాధించింది. మందులు పని చేసే దాకా మందలు ఎక్కడ ఆగాలన్నది ప్రశ్న అయింది. గోడకు ఆనుకున్న ఆ ఆసామి అప్పుడు లేచాడు.

“వాగు అవతల నాకింకో చెలుకున్నది. అన్ని మందలు ఆడనే పెట్టుండ్రి. జొన్నలు నేను కొలుస్త,” అన్నాడు.

వానలు పడేనాటికి దారి పొడుగునా రైతులు ఎర్ర గుర్తున్న మందనే అడిగి మరీ పెట్టించుకున్నారు.

కోడలు పిల్ల సంగతి అడుగుతారు కదా. ఆ రోజు డ్రైవరు పొద్దుపోయాక వచ్చి, “సెలైన్ పెట్టిండ్రక్కా. ఏం చెప్తలేరు,” అన్నాడు. చాలా దినాలు ఏమీ చెప్పలేదు. ఆఖరికి బతికింది. చేయి వంకర పోలేదు, మచ్చ మిగిలింది.

డాక్టరమ్మకు మాత్రం శిక్ష పడింది. ఎవరి మందో పై అధికారులకు చెప్పలేదని సంజాయిషీ అడిగారు. చెప్పనంటే చెప్పనంది. ఊళ్లు తిరిగే పని తీసేసి హైదరాబాదులో ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టారు. ఈసారి లడ్డూలు ఎవరూ తేలేదు. ఆమె ఆ కుర్చీలో కూర్చుని ఆలోచించడం మొదలుపెట్టింది. ఒక కాపరి ఎందుకు దాస్తాడో, ఒక ఊరు ఎందుకు దాస్తుందో, ఒక దేశం కూడా అందుకే దాస్తుందని రాసింది. అది ఢిల్లీ వాళ్లు చదివారు. ఆ తర్వాత ఇంకెక్కడివాళ్లో చదివి పిలిచారు. శిక్ష వేసిన కుర్చీలోంచి లేచి ఆమె దేశదేశాల వాళ్లు కూర్చునే సభలకు పోయింది.

కరోనా కాలంలో ఒక దేశం, మా దగ్గర కొత్త రకం కనబడింది జాగ్రత్త అని నిజం చెబితే, మిగిలిన దేశాలు ఆ దేశానికి విమానాలు బంద్ పెట్టాయట. అప్పుడు డాక్టరమ్మ ఒక పెద్ద సభలో మాట్లాడింది. మా చెల్లె బిడ్డ ఆ వీడియో పెట్టి నాకు అర్థం చెప్పింది. ఎత్తయిన హాలు, వరసలు వరసలుగా మనుషులు, ఒక్కొక్కరి ముందు ఒక జెండా, చెవిలో మాటలు వినే ఒక పుల్ల. ఆ వేదిక మీద మా సన్నటి డాక్టరమ్మ. ఒక మంద ఉండేది, నిజం చెప్పినందుకు దానికి నిలబడే చోటు లేకుండా పోయింది అని ఆమె చెబుతుంటే అంతమంది కదలకుండా విన్నారు. మా ఇప్పచెట్టు కింది మాట అది. ఆ పిల్ల “మంద పోతదా?” అని అడిగిన మాటను, రాజ్యాలు నడిపేవాళ్లు తలలు వంచి వింటున్నారు. నేను ఆ ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాను. పడిపోతుందేమోనని కాదు.

అక్కడ అందరూ ఆమె మాట విన్నారా అంటే, వినలేదట. కొందరు చప్పట్లు కొట్టి ఇంటికి పోయి మళ్లీ విమానాలు బంద్ పెట్టారట. “లడ్డూలు తినేటోళ్లు అంతట ఉంటరక్కా,” అనేది ఆమె. అయినా మళ్లీ పోయేది, మళ్లీ చెప్పేది.

కొత్తగా చేరిన పిల్లలారా, మీకు సీసాలు నాకంటే బాగా కడగడం వస్తుంది, ఇప్పుడు మిషన్లు ఉన్నాయి. రోగాన్ని మీరు మాకంటే తొందరగా పట్టుకుంటారు. ఎవరైనా నడిచివచ్చి మీకు నిజం చెప్పినప్పుడు, ఆయన తిరిగి పోయే తోవ ఎట్లా ఉంటుందో ఒకసారి చూసి రండి. మా డాక్టరమ్మ మొదటిసారి చూడలేదు. తర్వాత జీవితమంతా అదే చూసింది.

మొన్న శివరాత్రికి వేములవాడలో కోడె మొక్కు వరసలో ఒకామె నా చేయి పట్టుకుంది. మోచేతి కింద మచ్చ చూస్తే గానీ గుర్తుపట్టలేదు. అత్తామామలు ఇద్దరూ పోయారట. మంద ఉందట, ఇప్పుడు తనే తోలుతోందట. డాక్టరమ్మ పోయిందని చెబితే ఆ మచ్చను చేత్తో నిమురుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. “మేమేనని ఎవలకన్న చెప్పిందా అక్కా?”

“ఎవలకూ చెప్పలే,” అన్నాను. “దేశాల ముంగట గూడ చెప్పలే.”

“నువ్వు?”

“నేనూ చెప్ప,” అన్నాను.

ఇగో బిడ్డా, రాసుడు ఇక్కడ ఆపు. నేను మాటల మీద మాటలు చెప్పుకుంట పోయిన. ఊరి పేరు యాడనన్న నోరు జారిందా? ముసలోళ్ల పేరు, ఆ పిల్ల పేరు, ఆ ఆసామి పేరు వచ్చిందా? ఏడన్న వస్తే ఇప్పుడే కొట్టెయ్యాలె, అచ్చుల పడితే మల్ల తియ్యరాదు. మొదటి నుంచి ఒక్కసారి సదువు. మెల్లగ సదువు, నేను ఇంట.